బార లెక్క

ముందీ సంగతి చెప్పాలి:
బార అంటే నీళ్ళ కొలత కాదు, మనిషి కొలత.
రెండు చేతులూ చాపితే
ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా.
తండేలు పెమ్మాడి ధర్ముడి బార
అందరి బార కన్నా జానెడు ఎక్కువ.
"ధర్ముడు నాలుగన్నాడంటే మనకి నాలుగున్నర,
నిశ్చింతగా పదండి" అని
కోరంగి రేవులో సరంగులు నవ్వుకునేవాళ్ళు.

నేనప్పుడు గుండు విసిరే కుర్రాణ్ణి.
సీసపు గుండుకి అడుగున గుంట,
గుంటలో గొర్రె కొవ్వు.
విసరాలి, తాడు బిగిసే దాకా ఆగాలి, బారలు అరవాలి,
పైకి లాగి, కొవ్వుకి అంటిన మట్టి ఆయన ముందు పెట్టాలి.
ఆయన చూసేవాడు కాదు.
నాలిక మీద వేసుకునేవాడు.
"హుగ్లీ," అని ఉమ్మేవాడు.
"ఇది రంగం ఏరు. కుళ్ళిన ఊక."
మబ్బు పట్టి చుక్క కనబడని రాత్రి
దొర గాజు గొట్టంలోంచి ఏం చూస్తాడో గానీ
మా ఓడకి దారి తెలిసింది ఆ నాలిక్కే.

రంగం యుద్ధం నుంచి తిరుగు దారిలో
కెప్టెను దొరకి విషజ్వరం. ఆ వెనకే చిన్న దొరకి.
ఇద్దర్నీ గోనె గుడ్డలో కుట్టి నీళ్ళకిచ్చాం.
మిగిలింది పద్నాలుగు ఫిరంగుల ఓడ,
ముప్పైతొమ్మిది మంది తాళ్ళరేవు, నీలపల్లి వాళ్ళం,
అడుగున ఊరుతున్న నీరు.
ఓడ ఎవరిదో అడిగేవాళ్ళు లేరు.
ధర్ముడు దొర గదికి బయట గడియ పెట్టాడు.
చుక్కాని పక్కనే చాప వేసుకున్నాడు.

పదకొండు రోజులు.
ఒక్కసారి కూడా ఆయన గొంతు పెంచగా వినలేదు.
తెరచాప దించమనడానికి తల గోక్కునేవాడు,
ఎత్తమనడానికి లేచి నిలబడేవాడు.
పాత తాళ్ళు చిక్కుదీసి, గుగ్గిలంలో ముంచి
నీరూరే సందుల్లో దూర్పించాడు.
గంజి అందరి తర్వాత తాగేవాడు.
ఆరో రాత్రి మాత్రం, అందరూ నిద్రపోయారనుకుని,
గడియ తీసి, దొర టోపీ తెచ్చి పెట్టుకున్నాడు.
చిన్నదైంది. తీసేశాడు.
ఇది నేను ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మొగ దగ్గరికొచ్చేసరికి ఓడ నిండు చూలాలు.
ఇసక తిన్నె దాటాలంటే రెండు బారలు కావాలి.
గుండు రెండుకి బెత్తెడు తక్కువంది.
"తోసెయ్యండి," అన్నాడు ఫిరంగుల్ని చూపించి.
ఎవరూ కదల్లేదు. కుంఫిణీ ఫిరంగులు.
ఆయనే వెళ్ళి మొదటి దాని తాళ్ళు కోశాడు.
తర్వాత ఏడింటికీ అందరం చేతులేశాం.
అడుగు ఇసకని రాసుకుంటూ,
నిద్రలో పళ్ళు కొరికే పిల్లాడిలా చప్పుడు చేస్తూ
ఓడ కోరంగిలోకి జారింది.

"ఎవరి హుకుం మీద తోశారు?" అన్నాడు గుమాస్తా.
మేం నేల చూశాం.
"నాది," అన్నాడు ధర్ముడు.
గుమాస్తా ఆ మాట రాసుకోలేదు.
కుంఫిణీ పుస్తకంలో
ఆ పదకొండు రోజుల కాగితాలూ తెల్లగా ఉన్నాయట.
పన్నెండో రోజు మటుకు రాశారు:
ఫిరంగులు, ఎనిమిది, లేవు.
జీతంలో కోత.
ఆయన ఏలిన ఓడకి అదొక్కటే దాఖలా.

గోదారి ఊరుకుంటుందా.
ఏటికేడాదీ మన్ను మోసుకొచ్చి మొగలో పోసింది.
ఓడలు కాకినాడ దారి పట్టాయి.
ఓడ వడ్రంగులు బండిచక్రాలకి దిగారు.
ఫిరంగులు మునిగిన చోట మడ మొలిచింది,
తిల్ల చెట్లు, వేళ్ళ మధ్య ఎర్ర పీతలు.

కళ్ళు పోయిన ధర్ముణ్ణి చూడబోతూ
అక్కణ్ణుంచి పిడికెడు ఒండ్రు తీసుకెళ్ళాను.
నాలిక మీద వేసుకుని చాలాసేపు ఉంచుకున్నాడు.
"తుప్పు," అన్నాడు. ఉమ్మలేదు.
"ఎన్ని బారలుందిరా అక్కడ?"
అక్కడ నీళ్ళే లేవు. నా మోకాళ్ళకింకా బురద.
"రెండు," అన్నాను.
ముసలాయన చేతులు రెండూ చాపబోయాడు.
ఎడమ చెయ్యి సగంలో ఆగిపోయింది.
"నీ బారా," అని అడిగాడు, "నా బారా?"